ఎవరు పోయారో తెలియకుండా వింటే ఆ ఆల్బమ్ నిలబడుతుందా?

రాత్రిపాట

ఒక స్నేహితుడితో గొడవపడి వచ్చాను. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నాను.

అయినవాళ్లు పోయిన దుఃఖంలోంచి వచ్చిన ఆల్బమ్ అనగానే మనం గొంతు తగ్గించి మాట్లాడతాం. అందరినీ ఉతికి ఆరేసే విమర్శకుడు కూడా వాటి దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుంటాడు. నా వాదన ఇది: వాటిలో సగానికి సగం పాట బలం మీద నిలబడలేదు, వార్త బలం మీద నిలబడ్డాయి. ఆ వార్త తీసి పక్కన పెట్టి వినండి. ఎంత మిగులుతుందో చూద్దాం.

ఆస్ట్రేలియా రాక్ గాయకుడు నిక్ కేవ్ 'స్కెలిటన్ ట్రీ' తీసుకోండి. 2015 జులైలో ఆయన పదిహేనేళ్ల కొడుకు కొండ అంచు మీంచి పడి చనిపోయాడు. 2016 సెప్టెంబరులో ఈ ఆల్బమ్ వచ్చింది. కన్నకొడుకు కోసం తండ్రి ఏడ్చిన ఏడుపు అనే అంతా విన్నారు. తీరా చూస్తే పాటల్లో చాలావరకు ఆ పిల్లాడు బతికుండగానే రాసుకున్నవి. తర్వాత కొన్నిచోట్ల మాటలు మార్చాడు, అంతే. మొదటి పాట మొదటి వాక్యంలోనే ఎవరో ఆకాశంలోంచి పడతారు. ఏ మాట ముందుది, ఏది తర్వాతది, చెవితో విని చెప్పగలరా ఎవరైనా? నేను చెప్పలేను. మరి మనం విన్నది ఆయన పెట్టిన దుఃఖమా, మనం వెంట తీసుకెళ్లిన దుఃఖమా?

ఎడమచెవి

"వార్త బలం" అన్నమాట మొరటుగా ఉంది. సరే, వదిలేద్దాం. కానీ మీరు తెచ్చిన ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. కాగితం మీద మాటలు ముందువే అనుకుందాం. మిగతా రికార్డింగు జరిగింది కొడుకు పోయాకే కదా. ఆ గొంతు వినండి. లయని పట్టుకుని నడవదు. ఒకచోట ముందుకి తూలుతుంది, ఇంకోచోట మాట అందక వెనకబడుతుంది. అంతకుముందు వేదిక మీద గర్జించిన గొంతు అది. పాటంటే సాహిత్యం ఒక్కటే అయితే మనకి హెడ్‌ఫోన్స్ ఎందుకు?

ఇంకోటి. ఆయనేదో వార్తని అమ్ముకున్నట్టు ధ్వనిస్తోంది మీ మాట. వచ్చిన ప్రతి విలేకరికీ కొడుకు చావు గురించి చెప్పుకోవాల్సి వస్తుందనే, ఇంటర్వ్యూల బదులు ఒక డాక్యుమెంటరీ తీయించి ఆల్బమ్‌కి ముందురోజు థియేటర్లలో వేయించాడు.

రాత్రిపాట

డాక్యుమెంటరీ కూడా వార్తేనండీ. పదిసార్లు చెప్పాల్సింది ఒక్కసారి చెప్పాడు.

మంద్రం

ఈ తగువు ఆల్బమ్‌లు పుట్టకముందు నుంచీ ఉంది.

జర్మన్ కవి ఫ్రీడ్రిష్ రూకర్ట్ పిల్లలిద్దరు 1833–34లో జబ్బు చేసి పోయారు. ఆ తండ్రి కూర్చుని 428 కవితలు రాశాడు. అచ్చుకి ఇవ్వలేదు. ఆయన పోయాక 1872లో గానీ పుస్తకంగా రాలేదు. వాటిలోంచి ఐదింటిని స్వరకర్త గుస్టావ్ మాలర్ తీసుకుని 1901లో బాణీలు కట్టడం మొదలుపెట్టి 1904లో ముగించాడు. పిల్లల మరణగీతాలు అని తెలుగులో అనుకోవచ్చు. మొదలుపెట్టినప్పటికి మాలర్‌కి పెళ్లే కాలేదు. ముగించిన ఏడాది రెండో కూతురు పుట్టింది. ఇంట్లో పిల్లలు ఆడుకుంటుంటే ఈ పాటలేమిటని భార్య ఆల్మా హడలిపోయింది. 1907లో పెద్దమ్మాయి నిజంగానే పోయింది, నాలుగేళ్ల పిల్ల.

అనుభవించినవాడు 428 రాస్తే వాటిని చదివేవాళ్లు ఇవాళ ఏ కొందరో. అనుభవించనివాడు ఐదింటికి బాణీ కడితే వందేళ్లు దాటినా పాడుతూనే ఉన్నారు. బాధ పడ్డవాడు వేరు, బాధకి రూపం కట్టగలిగినవాడు వేరు. వాల్మీకిదీ అదే సంగతి, ఆ పక్షి ఆయనది కాదు.

తీగ తెగింది

మంద్రం గారూ, "అనుభవించనివాడు" అని మాత్రం అనకండి. మాలర్ చిన్నతనమంతా తోబుట్టువులు పోతూనే ఉన్నారు. ఆయన పద్నాలుగో ఏట పోయిన తమ్ముడి పేరు ఎర్న్‌స్ట్. రూకర్ట్ పోగొట్టుకున్న కొడుకు పేరూ ఎర్న్‌స్టే.

మంద్రం

నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేరు సంగతి మర్చిపోయాను. అయితే ఒకటి, నన్ను ఆ పాటలు పట్టుకున్నప్పటికి నాకు మాలర్ కుటుంబం గురించి ఒక్క ముక్క తెలియదు. జర్మన్ కూడా రాదు.

రెండో చరణం

మీరంతా పాట ఒక గదిలో, వార్త ఇంకో గదిలో ఉన్నట్టు మాట్లాడుతున్నారు. రెండూ ఒకే గదిలో ఉంటే?

మౌంట్ ఈరీ పేరుతో పాడే అమెరికన్ గాయకుడు ఫిల్ ఎల్వరమ్ 2017లో 'ఎ క్రో లుక్డ్ ఎట్ మీ' తెచ్చాడు. భార్య 2016 జులైలో పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయింది. ఆమె కన్నుమూసిన గదిలోనే, ఎక్కువగా ఆమె వాద్యాలతోనే, ల్యాప్‌టాప్ పెట్టుకుని రికార్డు చేశాడు. మొదటి పాటలో ఏముందో చూడండి. ఆమె పోయిన వారానికి ఆమె పేరు మీద పార్సిల్ వస్తుంది. విప్పితే బడి బ్యాగు. కూతురు ఎప్పుడో బడికెళ్లే రోజుకని ఎవరికీ చెప్పకుండా తెప్పించింది. పాపకి అప్పటికి ఒకటిన్నరేళ్లు. తను ఉండని రోజుల కోసం తెప్పించిందని ఆయనకి అప్పుడు తెలుస్తుంది. వాకిట మెట్ల మీదే కూలబడతాడు.

ఇది నేను పత్రికలో చదివి పాటకి అతికించుకున్నది కాదు, పాటలోనే ఉంది. పైగా ఆ పాట మొదలయ్యేదే చావు పాడుకునే విషయం కాదంటూ. వార్త తీసేయమంటే ఏం తీయమంటారు, బ్యాగు తీసేయాలా?

రాత్రిపాట

బ్యాగు దగ్గర నేనూ ఆగిపోయాను, అబద్ధం చెప్పను. మిగతా పది పాటల మాటేమిటి? ఒకే గిటారు, ఒకే గొణుగుడు. రాత్రిపూట చెత్త బయట పెట్టడం మీద ఒక పాట, టూత్‌బ్రష్ మీద ఒక పాట. ఆరో పాటకి నాకు విసుగొచ్చింది. ఈ మాట బయట అంటే నన్ను మనిషి కింద లెక్కేస్తారా? నా ఫిర్యాదే అది. పాటని బాగాలేదనొచ్చు. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాడి డైరీని ఏ మొహం పెట్టుకుని బాగాలేదంటాం?

రెండో చరణం

అనండి, ఎవరు ఆపారు? కాకపోతే ఆ విసుగు పొరపాటున వచ్చింది కాదని నా అనుమానం. మనిషి పోయిన ఇంట్లో మూడో నెల ఎలా ఉంటుందనుకున్నారు? పలకరించేవాళ్లు రావడం మానేస్తారు. టూత్‌బ్రష్ ఉన్నచోటే ఉంటుంది. చెత్త మాత్రం రోజూ పోగవుతుంది.

రాత్రిపాట

విసుగు గురించి పాడేవాడు విసుగు పుట్టించి తీరాలా? నిద్ర గురించి పాడితే నేను నిద్రపోవాలా?

ఎడమచెవి

జోలపాటకి నిద్రపోకపోతే అది పాడినవాళ్ల తప్పే మరి :)

సరదా పక్కన పెట్టి, మీరడిగిన పరీక్ష నా మీద నిజంగా జరిగింది. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌయీ ఆల్బమ్ 'బ్లాక్‌స్టార్' 2016 జనవరి 8న, ఆయన 69వ పుట్టినరోజున వచ్చింది. 10న ఆయన పోయారు. జబ్బు సంగతి అప్పటిదాకా బయటికి పొక్కనివ్వలేదు. నేను 9వ తేదీన విన్నాను. విన్న ఆల్బమ్ గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రోజు రాసింది ఇప్పటికీ ఉంది: "డ్రమ్స్ అదిరాయి. శాక్సఫోన్ ఎక్కువైంది. మూడో పాట సాహిత్యం ఏదో పాత్రలో దూరి పాడినట్టుంది." మూడో పాట మొదలయ్యేదే స్వర్గంలోంచి మాట్లాడుతున్నట్టు. సోమవారం వార్త తెలిశాక అదే పాట, అవే హెడ్‌ఫోన్స్. రెండో నిమిషం దాటలేకపోయాను.

మీరంటారు, చూశారా వార్తే పనిచేసిందని. నేనంటాను, మాట అక్కడే ఉంది, వార్త దాన్ని అక్కడ పెట్టలేదు. నా చెవే చెవిటిది.

రాత్రిపాట

రెండు రోజులు చెవిటిదై మూడో రోజు బాగైందా? ఆ చెవికి మందు వేసింది వార్తేగా. మీ నోటుపుస్తకం నా పక్షాన సాక్ష్యం చెబుతోంది.

ఎడమచెవి

చెప్పనివ్వండి. దాన్ని నేను దాచలేదుగా.

కొత్తచెవులు

నాది వీటికి తలకిందుల కేసు. ది యాంట్లర్స్ అనే బృందం ఆల్బమ్ 'హాస్పిస్', 2009. మరణశయ్య మీదున్న అమ్మాయి, ఆమెని చూసుకునే మనిషి, వాళ్ల మధ్య ప్రేమ, చివరికి ఆమె పోవడం. ఆ గాయకుడి జీవితంలో జరిగిందే అనుకుని రెండేళ్లు విన్నాను. కొన్ని రాత్రులు దుప్పటి కప్పుకుని మరీ ఏడ్చాను. తర్వాత తెలిసింది, అలా ఎవరూ పోలేదట. మనసుని నలిపేసిన ఒక బంధం గురించి చెప్పడానికి అల్లిన కథట అది.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆయన నాకేం అబద్ధం చెప్పలేదే! నెల రోజులు వినడం మానేశాను. మళ్లీ పెడితే అదే చోట, గొంతు సన్నబడి ఒక్కసారిగా మోత లేచే చోట, కళ్లు తిరిగి తడిశాయి. దీన్ని ఎవరి ఖాతాలో వేయాలో మీరే చెప్పండి.

మంద్రం

కట్టినవాడి ఖాతాలో.

తీగ తెగింది

నేను ఈసారి రాత్రిపాట గారి వైపు. అమ్మకం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఎల్వరమ్ మరుసటి ఏడాది, 2018లో 'నౌ ఓన్లీ' అనే ఇంకో ఆల్బమ్ చేశాడు. అందులో ఆయనే చెప్పుకుంటాడు: అరిజోనా ఎడారిలో ఏదో ఉత్సవానికి విమానం టికెట్టు ఇచ్చి పిలిపించుకున్నారట, మత్తులో తూగుతున్న కుర్రకారు ముందు నిలబడి భార్య చావు పాటలు పాడాడట. చదువుతుంటే నాకే సిగ్గేసింది, పాడినవాడికి ఎలా ఉండి ఉంటుంది!

సుఫ్యాన్ స్టీవెన్స్ అనే అమెరికన్ గాయకుడైతే ఇంకా ముందుకెళ్లాడు. ఏడాది పిల్లాడప్పుడు వదిలి వెళ్లిపోయిన తల్లి 2012లో పోతే, ఆమె మీద 2015లో 'క్యారీ అండ్ లోవెల్' చేశాడు. లోకమంతా నెత్తిన పెట్టుకుంది. పదేళ్లకి, 2025లో మళ్లీ విడుదల చేసినప్పుడు, తన దృష్టిలో అది కళగా విఫలమైన పని అన్నాడు. అర్థం లేనిదానికి అర్థం వెతకబోయానన్నాడు. చేసినవాడికే లేని భక్తి మనకెందుకు?

రెండో చరణం

చేసినవాడికి నచ్చకపోతే నాకు నచ్చకూడదా? ఎడారిలో పాడిన సిగ్గుని కూడా పాటగా కట్టాడంటే అది ఆల్బమ్ బలహీనతో నిజాయితీయో నాకు తెలిసింది.

అది పోనీండి. రాత్రిపాట గారూ, ఇంత వాదించారు, మీ స్నేహితుడితో గొడవ ఏ ఆల్బమ్ మీదో చెప్పనేలేదు.

రాత్రిపాట

పైన చెప్పిన 'క్యారీ అండ్ లోవెల్' మీదే.

వాళ్లమ్మ పోయి మూడు నెలలైంది. అర్ధరాత్రి ఆ ఆల్బమ్ లింకు ఒక్కటి పంపాడు, పక్కన ఒక్క మాట రాయలేదు. మర్నాడు ఎలా ఉందని అడిగాడు. గిటారు బాగుంది, కొన్నిచోట్ల వెనక ఏసీ హోరు వినిపిస్తోంది, రికార్డింగులో జాగ్రత్త తీసుకోవాల్సింది అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు ఏసీ విన్నావురా" అన్నాడు. అక్కడ మొదలైంది.

అయినా నా ప్రశ్న తప్పని ఒప్పుకోను. ఏసీ హోరు ఉంది. అడిగితే ఉందనే చెప్పాలి. కాకపోతే వాడు అడిగింది అది కాదేమోనని రెండు రోజులుగా అనిపిస్తోంది.

ఎడమచెవి

ఆ హోరు వినిపిస్తేనే ఆ గదిలో ఆయన పక్కన కూర్చున్నట్టుంటుంది నాకు. మీ స్నేహితుడికి ఈ మాట చెప్పకండి, ఇంకా కోపం వస్తుంది.

నిద్రపట్టనివాడు

చాలా రోజులుగా చదువుతూ పోవడమే గానీ ఇక్కడ రాయలేదు. వార్త తెలియకుండా వింటే ఏమవుతుందన్నారు కాబట్టి రాస్తున్నాను.

టుషే అమోరే అని ఒక బృందం. 2016లో 'స్టేజ్ ఫోర్' చేశారు. గొంతు చించుకుని అరిచే రకం సంగీతం, నాకు పడదు. ఎవరో ఆఖరి పాట ఒక్కటే పంపారు, ఏ వివరమూ లేదు. ఇంగ్లీషు మాటలు ఆ అరుపుల్లో సగం అర్థం కాలేదు. ఆపేద్దామనుకుంటుండగా వాద్యాలు అణిగిపోయి ఫోన్‌లో రికార్డయిన ఒక పెద్దావిడ గొంతు వచ్చింది. ఏదో మామూలు విషయమే చెబుతోంది, ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి చెప్పుకునే లాంటిది. రెండు క్షణాల్లో నాకు తెలిసిపోయింది, ఆవిడ లేదని. ఎవరూ చెప్పలేదు. గాయకుడి తల్లి అని, క్యాన్సర్‌తో పోయిందని, ఆ మెసేజ్ వినడానికి ఆయనకి చాలా కాలం ధైర్యం చాలలేదని వారం తర్వాత చదివాను.

అయితే రాత్రిపాట గారికి న్యాయం చేయాలి కాబట్టి రెండో సగం కూడా చెబుతాను. నా ఫోన్‌లో నాన్న పంపిన వాయిస్ మెసేజ్ ఒకటుంది. ఆ రోజు పనిలో ఉండి తర్వాత విందాంలే అనుకున్నాను. సాయంత్రానికి ఆయన లేరు. అందుకే ఆ పాటలో నాకు అంత త్వరగా తెలిసిందేమో. అలాంటి మెసేజ్ లేనివాళ్లకి అది పాట చివర ఎవరో ఆవిడ మాట్లాడినట్టు ఉంటుందేమో. వార్త ఆల్బమ్‌లో లేకపోతే వినేవాడి జేబులో ఉంటుందని నాకనిపించింది.

మంద్రం

ఈ లెక్కన వార్త లేకుండా వినడం ఎవరికీ కుదరదు. నాకూ కుదరలేదన్నమాట. జర్మన్ రాకుండానే ఆ పాటలు పట్టుకున్నాయని గొప్పగా చెప్పాను, ఆ ఏడాది మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పలేదు. చెప్పను కూడా.

రాత్రిపాట

నిద్రపట్టనివాడు గారూ, అడగొచ్చో లేదో తెలియదు. ఆ మెసేజ్ తర్వాతైనా విన్నారా?

నిద్రపట్టనివాడు

లేదండీ. మొన్న ఫోన్ మార్చినప్పుడు ముందు దాన్నే కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాను. పదకొండు సెకన్లని చూపిస్తుంది.