లింక్డ్‌ఇన్‌లో నిజంగా ఎవరికైనా జాబ్ వచ్చిందా? మీ అనుభవాలు చెప్పండి

బీటెక్_2024: ఈసీఈ 2024 బ్యాచ్, మాది పాలకొల్లు, ఇప్పుడు అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటున్నా. లింక్డ్‌ఇన్‌లో కనిపించిన ప్రతిదానికీ ఈజీ అప్లై కొడుతున్నా, రిజెక్ట్ మెయిల్ కూడా రావట్లేదు. రోజూ పోస్టులు పెట్టమని ఒకరు, నౌక్రీ సైట్ చూస్కోమని ఒకరు, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరమని ఇంకొకరు. ప్రొఫైల్ ఫోటో చుట్టూ ఉద్యోగం వెతుకుతున్నానని చూపించే ఆకుపచ్చ ఓపెన్ టు వర్క్ రింగ్ పెట్టాలా వద్దా? ఏది పనిచేసిందో చెప్పండి ప్లీజ్.

టెస్టింగ్_అన్న: ఈజీ అప్లై మానెయ్ తమ్ముడూ, నువ్వు ఒక్క క్లిక్‌తో అప్లై చేస్తే ఊళ్ళో అందరూ ఒక్క క్లిక్‌తోనే చేస్తారు, ఆ కుప్పలో నీది ఎవడు తెరుస్తాడు. నేనేం చేశానంటే ఒక టికెట్ బుకింగ్ యాప్‌లో పేమెంట్ ఫెయిలయ్యాక సీటు లాక్ అయిపోవడం చూసి, దాన్ని ఎలా రిపీట్ చెయ్యాలో స్టెప్స్‌తో సహా పోస్ట్ రాశా. వేరే కంపెనీ టెస్ట్ లీడ్ దాని కింద కామెంట్ పెట్టాడు, తర్వాత మెసేజ్ చేశాడు, ఆయన రెఫరల్‌తోనే ఇంటర్వ్యూకి వెళ్ళా. పని చూపించు, "థ్రిల్డ్ టు అనౌన్స్" పోస్టులు కాదు.

గోదావరి_అమ్మాయి: ఆ ఓపెన్ టు వర్క్ జోలికే వెళ్ళకు. నేను ఉద్యోగంలో ఉండగా రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా పెట్టుకున్నా, అయినా వారం తిరక్కుండా మా మేనేజర్ పిలిచి "వెళ్ళిపోతున్నావట" అన్నాడు. ఆ ఇయర్ హైక్‌లో నా పేరే లేదు.

హెచ్ఆర్_13ఏళ్ళు: అసాధ్యం అండీ. 13 ఏళ్ళుగా హైరింగ్ చేస్తున్నా, మనుషుల్ని వెతకడానికి లింక్డ్‌ఇన్ అమ్మే రిక్రూటర్ లైసెన్స్ రోజూ వాడేవాడిని. ఆ ఆప్షన్ పెడితే మీ కంపెనీ రిక్రూటర్లకి కనిపించదు. మీరే ఎవరికో చెప్పి ఉంటారు. తమ్ముడూ, నువ్వు నౌక్రీ ప్రొఫైల్ తరచూ అప్‌డేట్ చెయ్, మేం ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్ళని, నోటీస్ పీరియడ్ తక్కువున్నవాళ్ళనే ముందు ఫిల్టర్ చేస్తాం.

గోదావరి_అమ్మాయి: నేనెవరికీ చెప్పలేదు! మా కంపెనీకి మనుషుల్ని పంపే కన్సల్టెన్సీ రిక్రూటర్ చూసి మా మేనేజర్‌కి స్క్రీన్‌షాట్ పెట్టాడు. కన్సల్టెన్సీ వాడు మా కంపెనీ ఉద్యోగి కాదుగా, వాడికి ఎలా దాస్తుంది? పూర్తి ప్రైవసీకి గ్యారెంటీ ఇవ్వలేమని లింక్డ్‌ఇనే రాసింది, వెళ్ళి చదవండి.

హెచ్ఆర్_13ఏళ్ళు: ఒక వెధవ చేసిన పనికి మా ఫీల్డ్ మొత్తాన్ని అనకండి.

గోదావరి_అమ్మాయి: ఫీల్డ్‌ని నేనెక్కడన్నా? నేను అబద్ధం చెప్పానన్నట్టు మాట్లాడింది మీరు.

కరీంనగర్_గల్ఫ్: రింగు లొల్లి ఆపుండ్రి జర. మా దిక్కు లింక్డ్‌ఇన్ ఎవ్వరికి తెల్వది, అంతా వాట్సాప్ స్టేటస్, ఫేస్‌బుక్ వీడియోలే. "దుబాయ్ల డ్రైవర్, ఫ్రీ రూము" అని పెడ్తరు, విజిట్ వీసా మీద తోలుతరు, అక్కడికి వొయ్యినంక పని ఉండది. ఏజెంటు పేరు సర్కారు ఈమైగ్రేట్ సైట్ల ఉన్నదా లేదా చూడుండ్రి. రూల్ ప్రకారం వాడు తీస్కునే ఫీజు 30,000 మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగిండంటే ఆన్నే తెల్వాలె.

గాజువాక_రాజు: కరెక్ట్ అన్నా. 2024 మేలో మా విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు అదేగా, డేటా ఎంట్రీ ఉద్యోగం అని తీసుకెళ్ళి పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. మా వీధిలో కుర్రాడికీ అలాంటి టెలిగ్రామ్ మెసేజే వచ్చింది, వాళ్ళమ్మ ఒప్పుకోలేదు కాబట్టి ఇక్కడే ఉన్నాడు.

డల్లాస్_తెలుగు: అమెరికా రావాలనుకునేవాళ్ళు ఇంకోటి గమనించండి. వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160లో ఐదేళ్ళ సోషల్ మీడియా ఐడీలు 2019 నుంచే అడుగుతున్నారు. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ళ భార్య/భర్త, పిల్లల వీసా) వాళ్ళ ప్రొఫైల్స్ కూడా చూస్తున్నారు, అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టాలి. ఇండియాలో బోలెడు ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. లింక్డ్‌ఇన్‌లో ఒక డేట్, రెజ్యూమెలో ఇంకో డేట్ ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి. ఫ్యాన్ వార్‌లలో బూతులు తిట్టేవాళ్ళకి కూడా చెప్తున్నా.

టెస్టింగ్_అన్న: ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టించే కన్సల్టెన్సీల సంగతి కూడా చెప్పండి సార్, మూడేళ్ళు ఎక్స్‌పీరియెన్స్ అని వాళ్ళు రాయించబట్టే నిజమైన ఫ్రెషర్లని ఎవడూ నమ్మట్లేదు.

డల్లాస్_తెలుగు: అందర్నీ ఒకే గాటన కట్టకండి బ్రదర్.

బీటెక్_2024: అన్నా ఒక్క నిమిషం, ఇప్పుడే టెలిగ్రామ్‌లో పెద్ద కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంటర్వ్యూ లేదు, మెయిల్ ఐడీ జీమెయిల్. ల్యాప్‌టాప్ డిపాజిట్ 4,500 ఈరోజే కట్టమంటున్నారు, జాయినయ్యాక తిరిగిస్తారంట.

గాజువాక_రాజు: కట్టకు!! ఆధార్, పాన్ కూడా పంపకు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, నీదింకా పోలేదు కాబట్టి చాట్ స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టు.

హెచ్ఆర్_13ఏళ్ళు: ఏ కంపెనీ కూడా జాయినింగ్‌కి డబ్బు అడగదు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలో ఆ పోస్ట్ ఉందేమో చూడు. నీ రెజ్యూమె నాకు మెసేజ్ చెయ్, ఫ్రెషర్ ఓపెనింగ్స్ ఉంటే పంపిస్తా.

గోదావరి_అమ్మాయి: మంచిది. మరి కన్సల్టెన్సీ రిక్రూటర్‌కి మన స్టేటస్ కనిపిస్తుందా లేదా, దానికి ఇంకా జవాబు రాలేదు.