సింగర్‌ని మార్చాం, ఇప్పుడు బ్యాండ్ పేరు ఎవరిది?

బీటీఎం_రిఫ్:
బెంగళూరులో హెవీ మెటల్ సంగీతం వినే తెలుగు జనానికి ఒక ప్రశ్న. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మాది నలుగురి బ్యాండ్. ఇద్దరం అనంతపురం, డ్రమ్మర్ది నెల్లూరు, సింగర్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఆరేళ్లు ఒకే జామ్ రూమ్‌లో, గంటకింత అని తలా కొంచెం వేసుకుని వాయించాం. పేరు ఇక్కడ రాయను. ఏడాదిగా సింగర్ ప్రాక్టీసుకి సరిగ్గా రావడం లేదు. రెండు గిగ్‌లకి (షోలకి) సౌండ్‌చెక్ అయిపోయాక వచ్చాడు. ముగ్గురం కూర్చుని తీసేశాం. కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, గ్రోల్ చేస్తే, అంటే బొంగురు గొంతుతో గర్జిస్తే, గోడలు అదురుతాయి.

పదిహేను రోజులు తిరక్కుండానే పాతవాడు ఇంకో ముగ్గుర్ని పోగేసి అదే పేరుతో, అదే లోగోతో పోస్టర్ వేశాడు. ఇన్‌స్టా పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉంది. "ఇవన్నీ నువ్వే చూసుకోరా" అని అప్పట్లో అప్పగించింది మేమే. మా దగ్గర మిగిలింది పేరు రాసి ఉన్న బాస్ డ్రమ్ స్కిన్ ఒక్కటే. నిన్న ఒక పబ్ నుంచి ఫోన్: "మీలో అసలువాళ్లు ఎవరు?" ఏం చెప్పాలో తెలియక తర్వాత చేస్తానని పెట్టేశాను. మీరు చెప్పండి, పేరు ఎవరిది?

పాత_క్యాసెట్:
తమ్ముడూ, నీకు నచ్చకపోయినా చెబుతాను. జనానికి గుర్తుండేది గొంతు. ఐరన్ మెయిడెన్ బ్యాండ్‌లో సింగర్ బ్రూస్ డికిన్సన్ లేని ఆ ఏళ్లు చూడు. 1993లో ఆయన వెళ్లిపోయాక బ్లేజ్ బేలీతో రెండు ఆల్బమ్‌లు తీశారు. ఎంతమంది వింటున్నారు వాటిని? 1999లో బ్రూస్ తిరిగొచ్చాకే మళ్లీ కళ వచ్చింది. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేను ముందు వరసలో ఉన్నాను, చొక్కా ఎర్రమట్టి కొట్టుకుపోయింది. ఆ రోజు వేరే ఎవరైనా పాడి ఉంటే సగంలో బస్సెక్కేవాణ్ణి.

డబుల్_కిక్:
క్యాసెట్ అన్నా, నువ్వు ఎర్రమట్టిలో నిలబడి చూసిన బ్రూస్ కూడా మారిన సింగరే కదా! మొదటి రెండు ఆల్బమ్‌లు పాడింది పాల్ డియానో. 1981లో ఆయన్ని పంపించి బ్రూస్‌ని తెచ్చుకున్నారు, 1982 ఆల్బమ్‌తో ప్రపంచం తెలిసింది. గొంతే బ్యాండ్ అయితే ఆ లెక్కన నువ్వు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో చూసింది మెయిడెన్ కాదు.

ఏసీ డీసీ బ్యాండ్ సంగతి? 1980 ఫిబ్రవరిలో సింగర్ బాన్ స్కాట్ పోయాడు, జూలైకల్లా బ్రయాన్ జాన్సన్‌తో ఆల్బమ్ వచ్చేసింది. పేరు మార్చుకోమని ఎవరైనా అడిగారా?

పాత_క్యాసెట్:
చనిపోయినవాడి సంగతి వేరు, తరిమేసినవాడి సంగతి వేరు. చనిపోయినవాడు అదే పేరుతో ఎదురుగా పోస్టర్ వేయడు కదా.

(బ్రూస్ పాయింట్ ఒప్పుకుంటున్నాను. మిగతాది ఒప్పుకోను.)

కోరమంగల_వకీలు:
అచ్చం ఇలాంటి గొడవే క్వీన్స్‌రైక్ అనే బ్యాండ్‌లో జరిగింది. 2012లో సింగర్ జెఫ్ టేట్‌ని మిగతావాళ్లు తీసేశారు. టేట్ కోర్టుకెళ్లాడు. కేసు తేలేదాకా పేరు వాడకుండా ఎవరినీ ఆపనంది కోర్టు. దాంతో దాదాపు రెండేళ్లు ఒకే పేరుతో రెండు బ్యాండ్‌లు ఊరేగాయి. 2013లో రెండూ ఆల్బమ్‌లు కూడా తీశాయి. 2014లో రాజీ కుదిరింది: పేరు బ్యాండ్‌కి, 1988 నాటి పేరున్న కాన్సెప్ట్ ఆల్బమ్‌ని మొత్తంగా స్టేజీ మీద వాయించే హక్కు టేట్‌కి. అంటే ఇల్లు వాళ్లకి, పెరట్లో మామిడిచెట్టు ఈయనకి.

ఇక బీటీఎం_రిఫ్ గారూ, మీ పోస్టులో నాకు దడ పుట్టించిన మాట ఒకటుంది: "ముగ్గురం కూర్చుని తీసేశాం." రాతకోతలు లేకపోయినా, నలుగురు కలిసి గిగ్‌లు చేసి వచ్చింది పంచుకుంటే చట్టం దాన్ని భాగస్వామ్యం అనొచ్చు. 1932 భాగస్వామ్య చట్టం 33వ సెక్షన్ ప్రకారం, ముందే అలా రాసుకుని ఉంటే తప్ప, ఎక్కువమంది ఒకవైపు ఉన్నంత మాత్రాన ఒక భాగస్వామిని బయటికి పంపడం కుదరదు. గుడ్‌విల్, అంటే పేరుకున్న పరపతి, కూడా సంస్థ ఆస్తే, ఏ ఒక్కరిదీ కాదు. ఇంగ్లండ్‌లో శాక్సన్ బ్యాండ్ కేసులో 2003లో హైకోర్టు చెప్పిందీ దాదాపు అదే: పేరు అప్పటి భాగస్వామ్యానిది, విడిపోయినవాళ్లు తలా ఒక ముక్క పట్టుకుపోలేరు. అక్కడ సింగర్ బిఫ్ బైఫోర్డ్ బ్యాండ్‌లోనే ఉన్నాడు, వెళ్లిపోయిన గిటారిస్టు, బేసిస్టు పేరుని రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ రిజిస్ట్రేషన్ చెల్లలేదు.

డబుల్_కిక్:
అంటే వెంటనే ట్రేడ్‌మార్క్ పడేస్తే సరిపోదా సార్? నేను రిఫ్‌కి అదే చెబుదామనుకున్నా.

కోరమంగల_వకీలు:
వేయొచ్చు. వినోద కార్యక్రమాలు వచ్చే 41వ క్లాస్, ఒక్కరి పేరు మీద ఆన్‌లైన్‌లో అయితే 4,500 రూపాయలు, కర్ణాటక వాళ్లకి చెన్నై రిజిస్ట్రీ. కానీ ముందు పరిగెత్తినవాడిదే పేరు కాదు. మన చట్టంలో ముందునుంచీ వాడుతున్నవాడికి రక్షణ ఉంది, ఇక్కడ ముందునుంచీ వాడింది నలుగురూ. నార్వేలో గోర్గోరోత్ అనే బ్యాండ్ కేసు చూడండి. 2007లో సింగర్ గాల్, బేసిస్టు కింగ్ కలిసి, బ్యాండ్ పెట్టిన గిటారిస్టు ఇన్ఫర్నస్‌నే తీసేశామన్నారు. పేరు రిజిస్టర్ కూడా చేయించారు. 2009లో ఓస్లో కోర్టు ఆ రిజిస్ట్రేషన్ చెల్లదంది. వాళ్లు వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చింది.

అన్నట్టు ఆ లోగో గీసింది ఎవరు?

బీటీఎం_రిఫ్:
వాడి చెల్లెలు. డ్రమ్ స్కిన్ మీద రాసింది కూడా తనే, వాళ్ల డాబా మీద కూర్చుని, ఎనామెల్ పెయింట్‌తో. చివరి అక్షరం కాస్త పక్కకి కారింది. బాగుందని అలాగే ఉంచేశాం, తర్వాత టీషర్టుల మీద కూడా ఆ కారిన చార వచ్చింది.

కోరమంగల_వకీలు:
అయితే రాసిచ్చిన కాగితం ఏదీ లేకపోతే ఆ బొమ్మ కాపీరైట్ ఆ అమ్మాయిది. మీదీ కాదు, వాళ్ల అన్నదీ కాదు. పాటలూ అంతే. సాహిత్యం రాసినవాళ్లది రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లది కట్టినవాళ్లకి.

కడప_కారం:
చట్టం సరే, మన ఊళ్ల పద్ధతి ఒకటి చెప్పనా. సురభి నాటకాలు 1885లో మా కడప జిల్లా సురభి ఊళ్లో మొదలయ్యాయి. కుటుంబాలు పెరిగాయి, సమాజాలు వేరుపడ్డాయి. ఒక్కోటి ముందు తన పేరు పెట్టుకుంది, పక్కన సురభి అని రాసుకుంది. ఫలానా నాట్యమండలి, సురభి. చూడబోయేవాడికి ఏ సమాజమో తెలుస్తుంది, ఏ కొమ్మ నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. మీరూ అలా ఎందుకు చేయకూడదు?

డబుల్_కిక్:
అది ఒకే కుటుంబం అన్నా. వీళ్లు ఒకరి నంబర్ ఒకరు బ్లాక్ చేసుకున్నారు.

పాత_క్యాసెట్:
కారం చెప్పింది మెటల్‌లోనూ జరిగింది. మొదటి సింగర్ ఆజీ ఆస్బోర్న్ తర్వాత వచ్చిన డియో పాడిన బ్లాక్ సబ్బత్ లైనప్ 2006లో మళ్లీ కలిసినప్పుడు సబ్బత్ అని పెట్టుకోలేదు, తాము కలిసి చేసిన 1980 ఆల్బమ్ పేరు పెట్టుకుని తిరిగారు. టికెట్ కొన్నవాడికి ఆజీ రాడని ముందే తెలుసు. అంత చేసినా, 2009లో ఆజీ, సబ్బత్ పేరు కోసం ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ మీద న్యూయార్క్‌లో కేసు వేశాడు, 2010లో రాజీ పడ్డారు. నా బాధ పేరు ఎవరిదన్నది కాదు తమ్ముడూ. పోస్టర్ చూసి టికెట్ కొని, ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుని వెళ్తే స్టేజీ మీద నేననుకున్నవాడు ఉండాలి. లేకపోతే ముందే చెప్పాలి. మీ పోస్టర్ మీద కొత్త సింగర్ ఫొటో పెద్దగా వేశారా?

బీటీఎం_రిఫ్:
లేదు. నలుగురం వెనక్కి తిరిగి నిలబడ్డ ఫొటో వేశాం. కావాలనే.

పాత_క్యాసెట్:
చూశావా మరి.

బీటీఎం_రిఫ్:
అప్‌డేట్. రాత్రి వాడే ఫోన్ చేశాడు, వేరే నంబర్ నుంచి. పేరు ఊసెత్తలేదు. "చెల్లెలు రాసింది కదా, ఆ డ్రమ్ స్కిన్ ఇచ్చెయ్" అన్నాడు. ఇస్తానన్నాను. పాస్‌వర్డ్ అడిగితే కాసేపు మాట్లాడలేదు, ఆదివారం జామ్ రూమ్ కింద టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాడు. డ్రమ్మర్ రానంటున్నాడు. పబ్‌కి ఫోన్ చేసి, కొత్త సింగర్‌తో వస్తున్నాం, పేరు ఇంకా ఖాయం కాలేదు, ఆ అమ్మాయి ఫొటో ముందు వేసి కొత్త పోస్టర్ పంపుతాం అని చెప్పాను. పేరు లేని బ్యాండ్‌కి ఎంతమంది వస్తారని అతను నవ్వాడు. డేట్ మాత్రం ఉంచాడు.

వకీలు గారూ, ఆదివారం వెళ్లేటప్పుడు ఏం రాసుకుని వెళ్లాలి?

కోరమంగల_వకీలు:
తెల్లకాగితం తీసుకెళ్లండి. స్కిన్ కూడా.