1900 పారిస్ షాట్‌పుట్: ఫైనల్‌కి రాని వాళ్ళకి సిల్వర్, బ్రాంజ్ ఎలా ఇచ్చారు?

గుండుపిచ్చి:
అందరికీ నమస్తే. పాత ఒలింపిక్స్ రిజల్ట్స్ చూస్తుంటే ఒక చోట బుర్ర ఆగిపోయింది. 1900 పారిస్, మగవాళ్ళ షాట్‌పుట్. ఫస్ట్ రిచర్డ్ షెల్డన్ 14.10 మీటర్లు, సెకండ్ జోసయ్య మెక్‌క్రాకెన్ 12.85, థర్డ్ రాబర్ట్ గారెట్ 12.37, ముగ్గురూ అమెరికా వాళ్ళే. ఇంతవరకు బానే ఉంది కానీ కింద చిన్నక్షరాల్లో మెక్‌క్రాకెన్, గారెట్ ఇద్దరూ ఫైనల్‌లో అసలు త్రోనే వేయలేదని ఉంది. గ్రౌండ్‌కి రాని వాడికి మెడల్ ఏంటండీ? ఫైనల్‌లో కష్టపడి వేసినవాడు నాలుగో ప్లేసా? తెలిసిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతరికార్డులు:
మంచి ప్రశ్న. దీని వెనకున్నది ఆదివారం గొడవ. జూలై 14 శనివారం క్వాలిఫయింగ్ (ఫైనల్‌కి ఎవరెళ్ళాలో తేల్చే రౌండ్), 15 ఆదివారం ఫైనల్. ఆదివారం దేవుడి రోజు, ఆ రోజు ఆటలేంటని అమెరికన్ కాలేజీల్లో అప్పట్లో గట్టి పట్టింపు. గారెట్ ప్రిన్స్‌టన్ వాడు, మెక్‌క్రాకెన్ పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాడు, ఇద్దరూ ఆదివారం దిగలేదు. మెక్‌క్రాకెన్ అయితే తర్వాత డాక్టరై చైనాకి మిషనరీగా వెళ్ళాడు, అంటే ఆ పట్టింపు పైపైది కాదన్నమాట.

ఇక మెడల్ సంగతి. ఇప్పట్లా క్వాలిఫయింగ్ మార్క్ చెరిపేసి ఫైనల్‌లో సున్నా నుంచి మొదలుపెట్టడం అప్పుడు లేదు. శనివారం వేసిన దూరం ఆదివారం కూడా లెక్కలోనే ఉంటుంది. ఫైనల్లో ఎవరైనా దాన్ని దాటితే శనివారం వేసినవాడు కిందకి పోతాడు, దాటకపోతే అక్కడే ఉంటాడు. అంతే. ఆదివారం షెల్డన్ కాకుండా వేసింది హంగరీ క్రెట్టియర్, గ్రీస్ పరాస్కెవోపౌలోస్. క్రెట్టియర్ 12.05 దగ్గర ఆగిపోయాడు. గారెట్‌ని దాటాలంటే ఇంకో 33 సెంటీమీటర్లు కావాలి, పిల్లల బ్యాగులో ఉండే స్కేలు కంటే కాస్త ఎక్కువ. అది కుదరలేదు కాబట్టి హోటల్లోనో చర్చిలోనో ఉన్న గారెట్‌కి థర్డ్ ప్లేస్ మిగిలింది.

ఇంకోటి, గోల్డ్ సిల్వర్ బ్రాంజ్ అని మూడు మెడల్స్ ఇవ్వడం 1904 సెయింట్ లూయిస్‌లో మొదలైంది. పారిస్‌వి తర్వాత లెక్కలు సరిచూసి పేర్ల పక్కన రాసినవి.

గుండుపిచ్చి:
ఓహో... అయితే 1896లో గోల్డ్ కొట్టిన గారెట్ ఇతనేనా?

పాతరికార్డులు:
అతనే. ఏథెన్స్‌లో 11.22 వేసి గెలిచాడు, డిస్కస్ (చక్రం విసిరే పోటీ) కూడా అతనిదే. నాలుగేళ్ళలో ఒక మీటర్ పైనే పెంచుకుని వచ్చి థర్డ్‌కి పడ్డాడు, ఎందుకంటే షెల్డన్ వేరే లెవెల్లో ఉన్నాడు. పారిస్‌లో డిస్కస్ అయితే ఇంకా దారుణం, గ్రౌండ్ అంటే బోయిస్ ద బులోన్ పార్కులో గడ్డి మైదానం, గారెట్ విసిరిన డిస్కస్‌లు వెళ్ళి చెట్లకి తగిలాయి 😂

ఇసుకగుంట:
షాట్‌పుట్‌లో పెద్దగా గొడవ కాలేదు గానీ అసలు మంట లాంగ్‌జంప్‌లో పుట్టింది బ్రో. మేయర్ ప్రిన్‌స్టీన్ శనివారం 7.175 దూకి లీడ్‌లో ఉన్నాడు, ఆదివారం దిగొద్దని అతని కాలేజీ ఆపేసింది (అతను యూదుడు, ఆదివారంతో అతనికి పనే లేదు, అది వేరే విషయం). ఆల్విన్ క్రాన్‌జ్లీన్ మాత్రం ఆదివారం వచ్చి 7.185 దూకాడు. ఒక్క సెంటీమీటర్! ప్రిన్‌స్టీన్ కోపంతో అతని మొహం మీద గుద్దాడని కూడా చెప్తారు. విశేషం ఏంటంటే క్రాన్‌జ్లీన్, మెక్‌క్రాకెన్ ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకడు దిగాడు ఇంకొకడు మానేశాడు.

నేనూవేశా:
నా అభిప్రాయం కాస్త వేరు. రూల్ ప్రకారం కరెక్టే, కానీ న్యాయం అంటే పూర్తిగా ఒప్పుకోను. నేను కాలేజీలో నాలుగేళ్ళు షాట్‌పుట్ వేశా, 7.26 కేజీల గుండు దవడ కింద మెడకి ఆనించి పెడితే ఆ చల్లదనం తగలగానే కడుపులో ఏదో తిప్పేది, ప్రాక్టీస్‌లో అలవోకగా పోయే దూరం ఫైనల్ రోజు పోదు, వేళ్ళు చెమట పడతాయి, సుద్ద రాసుకున్నా జారుతుంది. ఆ టెన్షన్ క్రెట్టియర్ పడ్డాడు, ఆ ఇద్దరూ పడలేదు.

పాతరికార్డులు:
అది నిజమే అన్నా, కానీ రెండో వైపు కూడా చూడు. క్రెట్టియర్‌కి ఆదివారం అదనపు త్రోలు దొరికాయి, దాటాల్సిన దూరం ఎంతో ముందే తెలుసు. వీళ్ళిద్దరూ ఆ అవకాశం వదులుకున్నారు. నష్టం జరిగితే వీళ్ళకే జరగాలి కదా.

నేనూవేశా:
హ్మ్, ఆ పాయింట్ ఒప్పుకుంటా. అయినా వీళ్ళొచ్చినా గోల్డ్ మాత్రం మారేది కాదులే, షెల్డన్‌కీ మెక్‌క్రాకెన్‌కీ మధ్య మీటరుంపావు తేడా. షాట్‌పుట్‌లో మీటరుంపావు అంటే ఒక్క రోజులో పూడ్చేది కాదు. పైగా అప్పటికి వెనక్కి తిరిగి జారుతూ వేసే గ్లైడ్ లేదు, అది 1950ల్లో అమెరికా షాట్‌పుటర్ పారీ ఓబ్రయన్ తెచ్చాడు, గుండ్రంగా తిరిగి వేసే స్పిన్ అయితే ఇంకా తర్వాత. పక్కకి నిలబడి ఒక గెంతు గెంతి తోసేయడమే, మిగతాదంతా భుజబలం. ఆ పద్ధతిలో 14.10 అంటే షెల్డన్‌కి దండం పెట్టాలి. 2023లో అమెరికా షాట్‌పుటర్ క్రౌజర్ 23.56 వేశాడని దాన్ని చిన్నచూపు చూడకండి.

గుండుపిచ్చి:
థాంక్స్ అందరికీ, క్లియర్ అయింది. ఇక ఆ లాంగ్‌జంప్ గుద్దుడు గురించి వేరే థ్రెడ్ పెడతా, ఇసుకగుంట గారు రెడీగా ఉండండి.