ఈ వారం సమస్య: పూలు పూసెఁ జూడు పులుపు సీస

మిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను, మిగతా మూడు పాదాలు రాసి పూరించడం మీ వంతు. మా ఇంట్లో ఆవకాయ అయిపోయిన పాత హార్లిక్స్ సీసా మీద నిన్న రంగులతో బంతిపూల బొమ్మలు వేశాను. అది ఎండుతుంటే చూస్తూ కూర్చున్నప్పుడు ఈ పాదం తట్టింది. పులుపు తప్ప ఇంకేమీ ఎరగని సీసా పూలెలా పూస్తుంది? ఆ చిక్కు మీరే విప్పాలి. ఒక్క మనవి: గణాలు (గురు లఘువుల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) ఎంత శ్రద్ధగా చూస్తామో, గాజుకు రంగు వేసే పనిలోని నిజాన్నీ అంత శ్రద్ధగా చూద్దాం.

మల్లేశ్వరం పిన్నిగారి పూరణ

ఆవ ఘాటు పోవ నరుదైన రంగుల
నమ్మ చేతిలోన నద్దుకొనగ
మబ్బు విడిన నింగి మాదిరి తేటయై
పూలు పూసెఁ జూడు పులుపు సీస

యలహంక మాస్టారు: పిన్నిగారూ, మూడో పాదం చాలా బాగుందండీ. నూనె మసక వదిలిన గాజు నిజంగా అలాగే ఉంటుంది. మొదటి పాదంలో "అరుదైన రంగులు" అన్నారే, అది మాత్రం ఏ పద్యంలోనైనా ఇమిడిపోయే మాట. మీ సీసాకి ఏ రంగులు వేశారో అవే చెప్పండి.

మల్లేశ్వరం పిన్నిగారు: నిజమే మాస్టారూ. వేసింది ఆకుపచ్చ, ఎరుపు. ఇలా మార్చాను: "ఆవ ఘాటు పోవ నాకుపచ్చయు నెఱ్ఱ". గణాలు సరిపోయాయా?

సరిపోయాయండీ. మొదట మూడు హగణాలు, తర్వాత రగణం, సలం. యతి ఆ-ఆ. రంగుల పేర్లు రాగానే పద్యం కళ్ళకు కట్టింది.

మారతహళ్ళి తమ్ముడి పూరణ (మొదటిసారి రాస్తున్నాడు)

నూనె జిడ్డు మీద నున్నఁగా రంగులు
పూసి యెండఁ బెట్టఁ బొద్దుగూఁకె
తెల్లవాఱి చూడఁ దీఁగెలే పందిరై
పూలు పూసెఁ జూడు పులుపు సీస

యలహంక మాస్టారు: మొదటి ప్రయత్నంలోనే యతులన్నీ కుదిరాయి, శభాష్. రెండో పాదంలో పూ-బొ మైత్రి కూడా చక్కగా పట్టావు.

పద్యం నాకూ నచ్చింది తమ్ముడూ. కానీ ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. జిడ్డు మీద వేస్తే తెల్లవారేసరికి పందిరి అల్లుకోదు, రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోతుంది. మట్టికుండకు రంగును పీల్చుకునే గుణం ఉంది. గాజు నున్నటిది, దానికి అది లేదు. రంగు పైపైనే పట్టుకుని ఉండాలి. మధ్యలో సన్నటి నూనె పొర ఉంటే ఆ పట్టూ ఉండదు. అందుకే సీసాను వేడినీళ్ళలో నానబెట్టి లేబుల్ తీసేస్తాం. దాని జిగురు మొండికేస్తే వంటసోడాలో కొబ్బరినూనె కలిపి రుద్దుతాం. మళ్ళీ సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తాం. ఆ తర్వాత వేలిముద్ర కూడా పడకుండా పట్టుకోవాలి. నేను మొదట్లో ఇవేవీ చేయక మూడు సీసాలు పాడుచేసుకున్నాను. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

నీ పద్యానికి ఒక్క మాట మారిస్తే చాలు. "మీద" తీసి "తుడిచి" పెట్టు:

నూనె జిడ్డు తుడిచి నున్నఁగా రంగులు

హగణం ఉన్న చోట నగణం వచ్చింది, రెండూ సూర్యగణాలే కాబట్టి ఒకదాని చోట ఇంకోటి రావచ్చు. పద్యమూ నిలిచింది, రంగూ నిలుస్తుంది.

మారతహళ్ళి తమ్ముడు: అక్కా, నిజానికి మా సీసా అలాగే ఊడిపోయింది. రంగు మంచిది కాదేమో అనుకున్నాను. ఇవాళ స్పిరిట్ కొనుక్కొస్తా.

జయనగర్ అక్కగారి పూరణ

లాలుబాగులోన లలితంపు గాజిల్లు
కన్న పాప యింటఁ గుంచె పట్టఁ
గడిగి పెట్టుకొన్న గాజుపై నెఱ్ఱని
పూలు పూసెఁ జూడు పులుపు సీస

ఈ ఊహ నాకు ఎంతో నచ్చింది. బెంగళూరు లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌కు 1889లో పునాదిరాయి వేశారు. ఇప్పటికీ జనవరిలోనూ ఆగస్టులోనూ పూల ప్రదర్శన అక్కడే. గాజు ఇంటినిండా పూలు చూసొచ్చిన పిల్ల, ఇంట్లో గాజు కనపడితే పూలు వేయక ఏం చేస్తుంది! సమస్యకు ఇంత సహజమైన కారణం ఇంకెవరూ చూపలేదు.

యలహంక మాస్టారు: రెండో పాదంలో యతి తప్పిందమ్మా. "క"కు "గుం" చెల్లదు, హల్లులకు మైత్రి ఉంది కానీ అచ్చులు అ, ఉ కలవవు.

జయనగర్ అక్కగారు: "చూచి వచ్చి పాప చుక్క లద్దఁ" అంటే? మా పాప నిజంగా చుక్కలే పెట్టింది, అగ్గిపుల్ల కొసతో.

ఇదే ఉంచండి. చూ-చు యతి కుదిరింది. కుంచె పోయి చుక్కలు వచ్చాక పిల్ల చేయి కూడా కనిపిస్తోంది.

కొందరు "సీస" అంటే సీసపద్యమనీ, సీసం అనే లోహమనీ విరిచి చూశారు. సీసపద్యానికి పులుపు అతకలేదు. లోహం సంగతి మాత్రం వదలబుద్ధి కావడం లేదు. శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలో రంగురంగుల గాజు కిటికీలు ఉన్నాయి. అలాంటి కిటికీల్లో గాజు ముక్కలను సీసపు పట్టీలతో అతకడం పాత పద్ధతి. మనం కోన్‌తో సీసా మీద గీసే లైనరు, అంటే రంగు పారకుండా ఆపే గట్టు గీత, ఆ పట్టీకి నకలే. ముందు లైనరు గీసి, పూర్తిగా ఆరనిచ్చి, సీసాను పడుకోబెట్టి గళ్ళలో రంగు నింపుతాం. ఒక వైపు ఆరాకే రెండో వైపు తిప్పాలి. తొందరపడితే రంగంతా కిందికి జారుతుంది. అది ఆలోచిస్తూ నేనూ ఒకటి రాశాను:

గట్టు కట్టినట్లు గాజుపై లైనరు
పొర్లకుండ రంగుఁ బొదిగి నిలువ
గణపు హద్దులోనఁ గవితయుఁ గుదిరెను
పూలు పూసెఁ జూడు పులుపు సీస

యలహంక మాస్టారు: "లైనరు" పరభాషా పదమే, అయినా దానికి మన దగ్గర వేరే పేరు లేదు కాబట్టి ఉండనివ్వండి. మూడో పాదంలో కవిత ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారిగా అర్థం కాలేదు. మొదటి రెండు పాదాల్లో దాని జాడ ఉంటే బాగుండేది.

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. ఆదివారం లోపు ఇంకోసారి కూర్చుంటాను.

మల్లేశ్వరం పిన్నిగారు: రంగు వేసిన సీసాలో మళ్ళీ ఊరగాయ పెట్టుకోవచ్చా అమ్మా?

బయటివైపే వేసి, మూతి దగ్గర రెండు వేళ్ళ మేర వదిలేస్తే పప్పులు, పోపుదినుసులు పోసుకోవచ్చు పిన్నిగారూ. ఊరగాయ వద్దు. నూనె కారితే రంగు చెడుతుంది, మాటిమాటికీ తోమితే లేచిపోతుంది.

మారతహళ్ళి తమ్ముడు: తుడిచి మళ్ళీ వేశాను అక్కా. ఒక రోజంతా ఆరనిచ్చి గోటితో గీకి చూశాను. ఊడలేదు.