హాస్టల్లో ఉన్న పాపకు ఉత్తరం రాయాలి, ఏం రాయాలో తోచడం లేదు

కాజీపేట నాన్న అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మా పాప ఈ ఏడాది ఐదో తరగతిలో గురుకులంలో చేరింది, ములుగు దగ్గర. దగ్గర ఫోన్ ఉంచుకోనివ్వరు. ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర లైన్లో నిలబడి చేస్తది. వెనకాల పిల్లలు తొందరపెడుతుంటారు. "తిన్నవా?" "తిన్న." "మంచిగున్నవా?" "మంచిగున్న." అంతే, కట్.

మొన్న చూడటానికి పోతే, "నాన్నా, నా సోపతికి వాళ్ల తాత ఉత్తరాలు రాస్తడు, నువ్వు కూడా రాయి" అన్నది. సరే అని మాటిచ్చి వచ్చిన. నేను లోకో షెడ్‌లో పని చేస్తా. చేత్తో రాసేదల్లా లాగ్ బుక్కు, బ్యాంకు ఫారాలు. రాత్రి తెల్లకాగితం ముందు పెట్టుకుని "బాగా చదువుకో, ఆరోగ్యం జాగ్రత్త" అని రాసిన. ఆ తర్వాత పెన్ను కదలలేదు. ఇన్‌లాండ్ కవర్లు ఇప్పటికీ దొరుకుతాయా? ఎన్ని రోజులకు చేరుతుంది? అన్నిటికన్నా ముందు, ఏం రాయాలి?

రిటైర్డ్ తపాలా, హన్మకొండ:

దొరుకుతాయి. ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు, కార్డు 50 పైసలు, కవరు 20 గ్రాముల దాకా 5 రూపాయలు. చిన్న ఆఫీసుల్లో ఒక్కోసారి స్టాకు ఉండదు, హెడ్ పోస్టాఫీసుకే వెళ్లండి.

కానీ మీరు ఇన్‌లాండ్ కొనకండి. దాని లోపల ఏమీ పెట్టకూడదు. చిన్నపిల్లకు ఫోటో పెట్టాలనిపిస్తుంది, ఏదో స్టిక్కర్ పెట్టాలనిపిస్తుంది. అందుకే కవరే తీసుకోండి. ఖర్చులకు ఉంటాయని పది రూపాయల నోటు మాత్రం మడిచి పెట్టకండి, మామూలు పోస్టులో డబ్బు పంపకూడదు.

అడ్రస్‌లో పాప పేరు, తరగతి, సెక్షన్ తప్పకుండా రాయండి. పిన్ కోడ్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. 1972 ఆగస్టు 15న వచ్చినప్పటి నుంచి మా పనంతా దాని మీదే నడిచింది. ములుగు 2019లో వేరే జిల్లా అయింది, అయినా పిన్ మాత్రం ఇప్పటికీ వరంగల్ లాగే 506తోనే మొదలవుతుంది. ఎవరైనా అలవాటుగా పాత జిల్లా పేరు రాసినా పిన్ సరిగ్గా ఉంటే ఉత్తరం దారి తప్పదు.

మామూలు ఉత్తరానికి ట్రాకింగ్ ఉండదు. రిజిస్టర్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి ట్రాకింగ్ కావాలంటే అదొక్కటే. అయినా నాన్న ఉత్తరానికి ట్రాకింగ్ ఎందుకండీ? నాలుగైదు రోజులు ఓపిక పట్టండి. డబ్బా మీద ఉత్తరాలు ఎన్నింటికి తీస్తారో రాసి ఉంటుంది, ఆ టైం దాటాక వేస్తే ఒక రోజు పోయినట్టే.

మెట్‌పల్లి టీచరమ్మ:

తమ్ముడూ, ముందు ఆ "బాగా చదువుకో" కొట్టేయ్. ఆ మాట పాపకు రోజూ బడిలో దొరికేదే.

నేను పదో తరగతి చదివే రోజుల్లో మా ఊర్లో చాలా ఇండ్ల మగవాళ్లు దుబాయ్‌లో, మస్కట్‌లో ఉండేవారు. చదువురాని ఆడవాళ్లు నీలం రంగు ఏరోగ్రామ్, అంటే విదేశాలకు పంపే ఇన్‌లాండ్ లాంటి మడత కాగితం, పట్టుకుని సాయంత్రం మా అరుగు మీదికి వచ్చేవారు. "రాయి బిడ్డా, ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాము" అని చెప్పి ఆగిపోయేవారు, అచ్చం నీలాగే. అప్పుడు నేను అడిగేదాన్ని: "ఇయ్యాల పొద్దుగాల ఏం చేసిన్రు?" ఇక చూడు. బర్రె ఈనింది, పెయ్యదూడ పుట్టింది. బాయి కాడ మోటరు కాలింది. పసుపు ఉడకబెట్టినం, కట్టెలు సరిపోలే. అత్త మీద కోపమొస్తే "ఇది రాయకు" అనేవారు, కాసేపాగి "సరే, రాయి" అనేవారు. నాకు చివర్లో సందు దొరక్క అంచుల వెంబడి కాగితం తిప్పి తిప్పి రాయాల్సి వచ్చేది.

ఒకామె కొడుకు అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్నాడు. వాడి పాదాన్ని ఏరోగ్రామ్ మీద పెట్టించి, చుట్టూ పెన్నుతో గీత గీయమన్నది. వాడు ఒకటే నవ్వు, కాలు లాక్కున్నాడు, చిటికెన వేలి దగ్గర గీత వంకరపోయింది. "అట్లనే ఉండనీ" అన్నది. కొన్నాళ్లకు అట్నుంచి జాబు వచ్చింది: చెప్పులు ఏ సైజు కొనాలో ఇప్పుడు తెలిసిందని. సెలవు దొరికి ఆయన చెప్పులతో వచ్చేసరికి పిల్లాడికి అవి పట్టలేదనుకో, అది వేరే ముచ్చట.

కాబట్టి నీ ఇంట్లో ఏం జరుగుతుందో రాయి. ఈ రోజు కూరేంది, పక్కింట్లో గొడవేంది, షెడ్‌కు ఏ ఇంజన్ వచ్చింది, దాన్ని ఏం రిపేరు చేసినవు. పాప జవాబు చెప్పక తప్పని ప్రశ్న కూడా ఒకటి అడుగు. "ఎట్లున్నవ్" అంటే "మంచిగున్న" అనే వస్తది. "నీ మంచం పక్కన ఎవరు పడుకుంటరు, ఆ పిల్లకు గురక ఉందా?" అని అడిగి చూడు. నీ అడ్రస్ రాసి, స్టాంపు అంటించిన ఖాళీ కవరు కూడా లోపల పెట్టు. పిల్లలు జవాబు రాయకపోవడానికి సగం కారణం స్టాంపు లేకపోవడమే.

మంచిర్యాల బీటెక్:

నేను హాస్టల్లో చదివినోణ్ణే, ఒక మాట చెప్తా అన్నా. మా దగ్గర వార్డెన్ సార్ చదివాకే ఉత్తరం చేతికిచ్చేవారు. ఇంటి అప్పుల సంగతి, పాప సిగ్గుపడే సంగతులు అందులో వద్దు. మా నాయిన సింగరేణిలో. క్వార్టర్ వెనకాల కుక్క పిల్లల్ని పెట్టిందని ఒకసారి రాసిండు. అది రూమంతా చదివిన్రు. అందులో ఒక పిల్ల కనిపించట్లేదని రాసి ఆపేసిండు. తర్వాతి ఉత్తరం వచ్చేదాకా నాకు సోపతులు కాని పిల్లలు కూడా వచ్చి "దొరికిందా?" అని అడిగేవారు. మా నాయినకు కథలు రాయడం రాదు, కాగితం అయిపోయిందంతే.

కాజీపేట నాన్న:

టీచరక్కా, అందరికీ థాంక్స్. డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్న. అమ్మ దోశ మాడబెట్టి తప్పు నా మీద వేసింది, అది రాసిన. షెడ్‌లో ఇంజన్ కింద పిల్లి దూరి బయటికి రానని మొండికేసింది, మేమంతా టిఫిన్ డబ్బాల్లో పెరుగన్నం పెట్టి పిలిచినం, అది రాసిన. రెండు కాగితాలు నిండినయి. మా చిన్నోడు తన చెయ్యి కూడా గీయమంటున్నాడు, దానికి ఇంకో కాగితం. ఖాళీ కవరు సరేసరి. తపాలా సార్, 5 రూపాయలకు పోతదా?

రిటైర్డ్ తపాలా, హన్మకొండ:

కౌంటర్లో ఒకసారి తూకం వేయించండి. 20 గ్రాములు దాటితే ఇంకో స్టాంపు పడుతుంది. స్టాంపు తక్కువైతే ఆ తేడాకు రెట్టింపు ఉత్తరం అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు, పాప దగ్గర చిల్లర ఉండదు.