5 వాట్ల ట్యూబ్ యాంప్: విప్పి మార్చాలా, ఉన్నదాన్నే వాడుకోవాలా?

మిర్యాలగూడ గిటార్
సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న గిటార్ ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో పనిచేసేది) తీసుకున్నా. గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్‌లో 12ఏఎక్స్7 ట్యూబ్, స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్‌లో ఈఎల్84 ట్యూబ్, 8 అంగుళాల స్పీకర్. ఇంట్లో ప్రాక్టీసుకి, ఆదివారం చర్చిలో వాయించడానికి. వాల్యూమ్ సగం దాటితే లావు తీగల సౌండ్ ముద్దముద్దగా వస్తోంది. కేబుల్ పీకేసినా గుయ్‌మంటూనే ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు అన్నీ మార్చెయ్యమని ఫ్రెండ్ పోరు పెడుతున్నాడు. ఆ ఖర్చుకి ఇంకో యాంపే వచ్చేలా ఉంది. ఏం చేయమంటారు?

పాలమూరు టంకం
మార్చెయ్ బ్రో. చిన్న యాంపుల్లో కంపెనీలు పొదుపు చేసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే. ఒకే అవుట్‌పుట్ ట్యూబ్ ఉన్న సర్క్యూట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ట్యూబ్ వైపు చుట్ట) గుండా డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. కోర్ (లోపలి ఇనుము) చిన్నదైతే బాస్ నోటు తగలగానే శాచురేట్ అయిపోతుంది, అంటే ఇక అయస్కాంతత్వం పట్టదు, సౌండ్ ముద్దవుతుంది. తర్వాత, మొదటి స్టేజి ట్యూబ్ కేథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కాలు) దగ్గర మామూలుగా 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. దాని బదులు 1 మైక్రోఫారడ్‌ది పెట్టు, అడుగు బాస్ తగ్గి నోట్లు విడివిడిగా వినిపిస్తాయి. టీ ఖర్చు. విప్పడం తప్పన్నట్టు మాట్లాడేవాళ్లకి ఒక్క మాట: 1960ల చివర్లో రాండల్ స్మిత్ ఫెండర్ ప్రిన్స్‌టన్ అనే చిన్న యాంప్‌ను విప్పి మార్చబట్టే మెసా బూగీ అనే యాంప్ బ్రాండ్ పుట్టింది.

దేవరకొండ క్వైర్
అన్నా, ఆ ప్రిన్స్‌టన్‌లో స్మిత్ మార్చింది ఒక కెపాసిటర్ కాదు కదా. ఫెండర్‌దే పెద్ద యాంప్ బాస్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కించి, 12 అంగుళాల జేబీఎల్ స్పీకర్ బిగించాడు. నా లెక్కలో సగం సౌండ్ ఆ స్పీకర్‌దే. తమ్ముడు ఏదీ విప్పకముందే దీన్ని ఒక 12 అంగుళాల బాక్స్‌కి కలిపి వినాలి. వాటేజి అదే ఉన్నా, 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) ఉన్న స్పీకర్ పెడితే పవర్ రెట్టింపు చేసినట్టే. యాంప్ ఓమ్‌లు, స్పీకర్ ఓమ్‌లు మాత్రం కలవాలి. స్పీకర్ వైరు ఊడిపోయిన యాంప్‌ను గట్టిగా వాయించొద్దు, ప్రైమరీలో వోల్టేజి ఎగిరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

పాలమూరు టంకం
చర్చికి 12 అంగుళాల బాక్స్ మోసుకెళ్లేవాడు చిన్న యాంప్ ఎందుకు కొంటాడు అన్నా?

పాత రేడియో, నల్లగొండ
ఇద్దరూ టోన్ దగ్గరే కొట్టుకుంటున్నారు, కరెంటు ఎంతొస్తుందో ఒక్కరూ అడగలేదు. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1961లోనే వాల్వులు, అంటే మీరనే ట్యూబులే, చేయడం మొదలుపెట్టింది. ఆ వాల్వుల రేడియోలు బాగుచేసే పని నాది. దగ్గరికొచ్చిన సెట్లలో వోల్టేజి దెబ్బకి పోయినవే ఎక్కువ.

తమ్మీ, మీ దగ్గర రైస్ మిల్లులు నడిచే టైములో ఎంత, అర్ధరాత్రి ఎంత, మీటర్ పెట్టి చూడు. 230కి చేసిన యాంప్‌కి 250 వస్తే, 6.3 వోల్టులు ఉండాల్సిన వాల్వు లోపలి హీటర్ 6.85కి పోతుంది. 300 ఉన్న హెచ్‌టీ (వాల్వు ప్లేటుకిచ్చే పెద్ద డీసీ వోల్టేజి) 326 అవుతుంది. ఈఎల్84 ప్లేటుకి హద్దు 300 వోల్టులు, 12 వాట్లు. కేథోడ్ రెసిస్టర్ 270 ఓమ్‌లది అనుకో, దాని మీద 12.5 వోల్టులు కనబడితే 46 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. అందులో స్క్రీన్ (వాల్వు లోపలి ఇంకో గ్రిడ్) వాటా ఒక 5 తీసేయ్. మిగిలిన 41ని ప్లేటుకీ కేథోడ్‌కీ మధ్య ఉన్న 310తో గుణిస్తే 12.7 వాట్లు. ఆ వాల్వు రోజూ జ్వరంతో పనిచేస్తున్నట్టే. దాని ముందు కెపాసిటర్ ఏది పెడితే ఏం లాభం?

గుయ్‌మనేదానికి: వాల్యూమ్ సున్నా చేసినా వస్తే తప్పు చివరి స్టేజిలోనో పవర్ సప్లైలోనో ఉంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి చూడు. 100 హెర్ట్జ్ దగ్గర లేస్తే ఫిల్టర్ సరిపోవట్లేదు, 50 అయితే హీటర్ వైరింగో ఎర్తో. 100 అయితే హెచ్‌టీ దారిలో మొదటి ఫిల్టర్ తర్వాత 470 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్, దాని వెనక 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేసి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అక్కణ్ణుంచి సప్లై ఇవ్వాలి. రిపుల్ (డీసీలో మిగిలిపోయిన అల, గుయ్‌మనేది అదే) 14వ వంతుకి పడిపోతుంది, 50 మిల్లీ ఆంపియర్ల దగ్గర 23 వోల్టులు కూడా దిగుతాయి.

ఇంకోటి. 1950ల ఫెండర్ చాంప్‌లో ట్యూబ్ సాకెట్లను చాసిస్‌కే (లోహపు డబ్బాకే) బిగించేవాళ్లు. ఇప్పటి చిన్నవాటిలో చాలావరకు సాకెట్ సర్క్యూట్ బోర్డు మీదే. ఈఎల్84 వేడికి, ట్యూబ్ పీకి పెట్టినప్పుడల్లా పడే ఒత్తిడికి టంకం పగులుతుంది. భూతద్దంలో చూస్తే పిన్ను చుట్టూ వెంట్రుక మందాన నల్లటి రింగు కనబడుతుంది. అలాంటివి మళ్లీ టంకం వెయ్యి.

ప్లగ్ పీకాక కూడా ఫిల్టర్లలో 300 వోల్టులు నిలబడి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో చాసిస్‌కి దింపి, మీటర్‌లో సున్నాకి వచ్చాకే చెయ్యి పెట్టు. ఇది కొత్తయితే పక్కన తెలిసినవాళ్లు లేకుండా విప్పొద్దు.

హెడ్‌ఫోన్ గిటార్
ఇంత టెన్షన్ ఎందుకండీ? మోడలింగ్ యాంప్ (ట్యూబ్ సౌండ్‌ను డిజిటల్‌గా అనుకరించేది) కొనుక్కుంటే హమ్మూ లేదు, షాకూ లేదు.

దేవరకొండ క్వైర్
అందులో వాయించి విసుగొచ్చినవాళ్లే ఇక్కడికొస్తున్నారు సార్.

మిర్యాలగూడ గిటార్
పగలు మిల్లులు నడిచేటప్పుడు 208, రాత్రి 251. హమ్ 100 దగ్గరే. వాల్యూమ్ సున్నా చేసినా తగ్గలేదు. పగలు వాయిస్తేనే సౌండ్ మెత్తగా బాగుందని ఇప్పుడు అర్థమవుతోంది. తెలిసిన టీవీ మెకానిక్ ఉన్నాడు, ఆయన్ని కూర్చోబెట్టి విప్పిస్తా. ఆ 47 మైక్రోఫారడ్‌ది ఎక్కడ దొరుకుతుంది?

పాత రేడియో, నల్లగొండ
హైదరాబాద్ పోతే కోఠి గుజరాతీ గల్లీలో చూడు. 450 వోల్టులది, 105 డిగ్రీలది అడుగు. ఏళ్లుగా షాపులో పడున్న పాత స్టాక్ అంటగడితే తీసుకోకు, కూర్చుని కూర్చునే పాడవుతాయి.

పాలమూరు టంకం
ఎలాగూ విప్పుతున్నావు కదా బ్రో, పనిలో పని 1 మైక్రోఫారడ్‌ది కూడా తెచ్చుకో. పెద్దాయన చెప్పింది చేశాక కూడా ముద్దగానే ఉంటే అప్పుడు మాట్లాడదాం.