సర్ఫ్‌బోర్డు మన్నాలంటే బరువైన గుడ్డా, మేలైన గుడ్డా?

అలపిచ్చి:
పాలీయూరిథేన్ ఫోమ్‌తో పొట్టి బోర్డులు చేసుకుంటాను. డెక్ (బోర్డు పై భాగం) మీద 4 ఔన్సుల ఈ-గ్లాస్ (మామూలు గాజుపోగుల గుడ్డ) రెండు పొరలు, అడుగున ఒక పొర. మడమలు ఆనే చోట తొందరగా గుంటలు పడుతున్నాయి. డెక్‌కు 6 ఔన్సుల గుడ్డ వేయాలా, 4 ఔన్సుల్లోనే ఎస్-గ్లాస్‌కు (ఇంకా బలమైన గాజుపోగుల గుడ్డ) మారాలా?

రెసిన్‌రాయుడు:
6 వేయండి, ఆలోచన అనవసరం. చదరపు గజానికి 4 ఔన్సులంటే చదరపు మీటరుకు 136 గ్రాముల గాజు, 6 అంటే 203. లాంగ్‌బోర్డులకు ఊరికే వేస్తారా? ఎస్-గ్లాస్ ధర చూస్తే గుండె జారుతుంది.

పడుగుపేక:
రాయుడు గారూ, మీరు గాజు బరువొక్కటే లెక్కవేశారు. దళసరి నేత రెసిన్ (గుడ్డను తడిపి ఫోమ్‌కు అంటించి గట్టిపడే ద్రవం) కూడా అంతకంత తాగుతుంది. ఆ అదనపు రెసిన్ బరువే తప్ప బలం కాదు. లాంగ్‌బోర్డుకు ఆ బరువు చెల్లుతుంది, పొట్టి బోర్డుకు చెల్లదు. లాగుడుకు ఎస్-గ్లాస్ దాదాపు మూడో వంతు ఎక్కువ తట్టుకుంటుంది. పడుగు పోగులు ఎక్కువున్న రకాన్ని బోర్డు పొడవునా పరిస్తే విరగడం మీద కూడా కొంత భరోసా. కానీ మీ రెసిన్‌కు సరిపడే పూత ఆ గుడ్డకు ఉందో లేదో అడిగి కొనండి. కొన్నిటి పూత ఎపాక్సీ రకం రెసిన్‌కే నప్పుతుంది.

రెసిన్‌రాయుడు:
ఎస్-గ్లాస్ తడవడానికి మొరాయిస్తుంది. స్క్వీజీ (రెసిన్ పరిచే పలక) లాగాక ఎక్కడో ఒక తెల్లని పోగు మిగిలిందంటే అక్కడ రెసిన్ చేరలేదన్నమాట. పొడిగా మిగిలిన ఖరీదైన గుడ్డ కన్నా బాగా తడిసిన మామూలు గుడ్డ నయం.

పడుగుపేక:
అది ఒప్పుకుంటాను. దానికి మందు ఓపిక, 6 ఔన్సులు కాదు. అసలు అలపిచ్చి గారి గుంటల్లో సగం నేరం ఫోమ్‌ది. మెత్తటి ఫోమ్ మడమ కింద అణిగిపోతే పైన ఏ గుడ్డ వేసినా దాని వెంటే కుంగుతుంది. మరికాస్త సాంద్రత ఉన్న ఫోమ్ తీసుకోండి. సాండింగ్‌లో నేత గళ్లు బయటపడేదాకా రుద్దే అలవాటుంటే అదీ మానాలి. తెగిన పోగు ఈ అయినా ఎస్ అయినా ఒకటే.

అలపిచ్చి:
అయితే గట్టి ఫోమ్, ఈ-గ్లాస్ 4+4, మడమల చోట ఇంకో 4 ఔన్సుల ముక్క. దాన్ని పైన వేయాలా, కిందా?

పడుగుపేక:
రెండు పొరల మధ్య. పైన వేస్తే దాని అంచు సమం చేసేటప్పుడు అసలు పొర పోగులు కోసుకుపోతాయి.

రెసిన్‌రాయుడు:
మధ్యనే, ఇందులో గొడవ లేదు. ముక్కను కాస్త పెద్దదిగా కోయండి, పాదాలు ప్రతిసారీ ఒకే చోట పడవు. 6 ఔన్సుల మాట మాత్రం వెనక్కి తీసుకోను.